ఖాళీ డ్రమ్ముల లెక్క

వానాకాలం మొదలయ్యేనాటికి డ్రమ్ముల వ్యాపారి చేతిలో ఉన్నవి ఇవి: నూట నలభై ఒక్క ఖాళీ ప్లాస్టిక్ డ్రమ్ములు, అవి పెట్టుకోవడానికి ఒక రేకుల షెడ్డు, ఎంత వాడినా అరగని నోరు, ఒక చెల్లెలు. గోడ మీద ఒక నోటీసు కూడా ఉంది. అది చేతిలో ఉన్నట్టు కాదు, మెడ మీద ఉన్నట్టు.

డ్రమ్ములు సబ్బుల ఫ్యాక్టరీలో వాడి పక్కన పడేసినవి. వాటిని తెచ్చి, కడిగి, వాసన పోయేదాకా ఎండలో బోర్లించి అమ్మడం అతని వృత్తి. ఒక్కోదాంట్లో రెండు వందల లీటర్లు పడతాయి. ముప్పై ఏళ్ళుగా అన్నయ్య ఖాళీ తప్ప ఇంకేమీ అమ్మలేదని చెల్లెలు ఎగతాళి చేసేది. "మావాడు గాలి అమ్ముకుని బతుకుతాడమ్మా. చుట్టూ కాస్త ప్లాస్టిక్ ఉంటుంది, అంతే" అని గిరాకీలతో చెప్పి నవ్వించేది.

చెల్లెలికి చిన్నప్పుడే రెండు కాళ్ళూ పడిపోయాయి. బట్టలు కుడుతుంది. షెడ్డు పక్కన, రోడ్డుకు రెండు మెట్ల దిగువన ఉన్న గది ఆమెది. ఆ మెట్ల పక్కనే కుర్చీ దొర్లడానికి సిమెంటు వాలు పోయించుకుంది. గదిలో ప్రతి వస్తువూ ఆమె చెయ్యి చాస్తే అందేంత దూరంలోనే ఉంటుంది. చేత్తో తిప్పే మిషను, కుర్చీలో కూర్చుంటే సరిపోయే పొయ్యి గట్టు, కుర్చీ ఎక్కి దిగేలా బాత్‌రూమ్ గడపకు అటూ ఇటూ వాలు, మంచం మీంచి చక్రాల కుర్చీలోకి జారడానికి గోడకు బిగించిన ఇనుప కడ్డీ. ఇవన్నీ ఒక్కొక్కటే అమర్చుకోవడానికి ఆమెకు పద్దెనిమిదేళ్ళు పట్టింది. ఆ గదిలో ఉన్నంతసేపూ ఆమె ఎవరినీ గ్లాసుడు మంచినీళ్ళు కూడా అడగదు.

కిందటేడు ఆ గదిలోకి రెండుసార్లు మురుగు వచ్చింది. వీధిలోంచి కాదు, బాత్‌రూమ్ తూములోంచి. ముందు గుడగుడమని చప్పుడు, తర్వాత బుడగలు, ఆ తర్వాత ఊళ్ళో అందరూ కడిగిందీ వదిలిందీ అంతా. రెండోసారి మిషను బల్ల దాకా లేచింది. ఎవరివో కొత్త బట్టల మూట ఒళ్ళో పెట్టుకుని ఆమె ఆరు గంటలు మంచం మీదే కూర్చుంది. మురుగు తీశాక ఆఫీసు వాళ్ళు వచ్చి ఆ వరసలో మూడు గదుల గోడలకీ నోటీసులు అంటించారు. ఒకటి చెల్లెలి గది, ఒకటి సెలూన్, ఒకటి ఇస్త్రీ చేసే మొగుడూపెళ్ళాలది. ఇంకొక్కసారి మురుగు గదిలోకి వస్తే ఆ గదికి తాళం వేస్తారు. ఉన్నవాళ్ళను ఊరి చివరి క్వార్టర్స్‌కి మారుస్తారు.

"ఎన్నో అంతస్తట?" అని అడిగింది చెల్లెలు.

"నాలుగు."

"లిఫ్టు?"

అతను గోడ మీది నోటీసు మళ్ళీ చదవడం మొదలుపెట్టాడు.

"సరేలే. మూట కట్టి మోసుకెళ్ళి పైన పడేయి. ఏడాదికోసారి దులుపుతూ ఉండు" అంది. నవ్వుతూనే అంది గానీ, ఆ పూట మిషను తిప్పలేదు.

అతను ఊరుకునే మనిషి కాదు. కొనేవాడు కాదంటే ఎందుకు కాదంటున్నాడో కనుక్కోవడం అతనికి అలవాటు. మురుగు ఎందుకొస్తోందో కనుక్కుందామని మురుగు మేస్త్రీ దగ్గరికి వెళ్ళాడు. మేస్త్రీ తమ పల్లం వీధి మూలనే మ్యాన్‌హోల్ మూత తీసి, పక్కన కూర్చుని బూట్లు కడుక్కుంటున్నాడు.

"ఒకటే గొట్టం షావుకారూ" అన్నాడు మేస్త్రీ. "మీ ఇళ్ళలో వాడిన నీళ్ళూ అందులోకే, వాన నీళ్ళూ అందులోకే. తాతల నాటి గొట్టం. మామూలు రోజుల్లో పావు వంతు కూడా నిండదు. పెద్ద వాన పడిందా, పదిరోజుల సరుకు గంటలో దిగుతుంది. అప్పుడు నేను నది గేటు ఎత్తుతాను. మురుగంతా నదిలోకి. తప్పే, కానీ ఏం చెయ్యను? నది కూడా పొంగి ఉందనుకోండి, గేటు ఎత్తడానికీ లేదు. నదే లోపలికొస్తుంది. ఇంక ఆ మురుగు ఎక్కడికి పోతుంది? మీ బాత్‌రూముల్లోకే."

"వానకి వేరే గొట్టం వెయ్యరా?"

"వేసేశారుగా, కాగితం మీద. నేల మీద ఏడేళ్ళంటున్నారు."

"ఈలోగా?"

మేస్త్రీ బూటుతో పైకి చూపించాడు. పల్లం వీధి నెత్తి మీద మిట్ట వీధి ఉంది. "నలభై ఏడు ఇళ్ళు. వాటి డాబాల మీది వానంతా నేరుగా మీ గొట్టంలోకే దిగుతుంది. మొదటి అరగంట ఆ నీళ్ళను ఎవరన్నా పైనే పట్టి ఉంచితే గొట్టానికి ఊపిరాడుతుంది. జోరు తగ్గాక మెల్లగా వదులుకోవచ్చు. కానీ పట్టి ఉంచేదెవరు? మీరా, నేనా?"

వ్యాపారి ఇంటికొచ్చి నూట నలభై ఒకటిని నలభై ఏడుతో భాగించాడు. శేషం లేకుండా మూడు వచ్చింది. ముప్పై ఏళ్ళ వ్యాపారంలో శేషం మిగలని లెక్క తగలడం అదే మొదలు. అది చూసే అతను సగం మోసపోయాడు.

మొదటి రోజు మూడు ఇళ్ళకు వెళ్ళి ఉన్నమాట చెప్పాడు. "అమ్మా, మీ డాబా నీళ్ళు మా వీధిని ముంచుతున్నాయి. మూడు డ్రమ్ములు పెడతాను, కాస్త పట్టి ఉంచండి." ఒకామె పాపం అంది. ఒకాయన ఆఫీసుకి అర్జీ పెట్టుకోమన్నాడు. మూడో ఇంట్లో కుక్కను విప్పారు.

సాయంత్రం దిగొస్తూ ఆలోచించాడు. కొనేవాడికి నీ కష్టం చెబితే జాలి పడతాడు, అతని కష్టం చెబితే తలుపు తీస్తాడు. మిట్ట వీధి కష్టమేమిటి? నీళ్ళు. వాళ్ళ కుళాయిలకు రెండు రోజులకోసారి, అదీ గంటసేపు. మర్నాటి నుంచి మాట మార్చాడు. "డాబా మీంచి పోయే నీళ్ళను ఊరికే వదిలేస్తున్నారేంటమ్మా? మూడు డ్రమ్ములు, ఆరు వందల లీటర్లు! మొక్కలకీ బట్టలకీ నేల కడగడానికీ కావలసినన్ని. నేనే బిగించిపెడతాను, కుళాయితో సహా, డబ్బులేం వద్దు. ఒక్కటే మాట, ఒక్క చుక్క కూడా వదలకండి!"

ఈ చివరి మాట బాగా పనిచేసింది. తొమ్మిది రోజుల్లో నలభై ఏడు ఇళ్ళూ అయిపోయాయి. వీధి మొదట్లో ఉండే రిటైరైన పంతులమ్మ అయితే, "ఒక్క చుక్క వదలకండి" అని అట్టముక్క మీద గుండ్రంగా రాసి డ్రమ్ముకు కట్టింది. అది చూసి పక్కవాళ్ళూ రాయించుకున్నారు.

మొదటి వాన ఒక మోస్తరుగా పడింది. చెల్లెలు బాత్‌రూమ్ తలుపు తీసి పెట్టుకుని చెవి అటే వేసి కూర్చుంది. గంట గడిచింది. గుడగుడ లేదు, బుడగ లేదు.

"అన్నయ్యా! తూము నోరు మూసుకుంది" అని కేకేసింది. ఆ రాత్రి ఇద్దరూ కడుపునిండా తిన్నారు. ఇస్త్రీ ఆమె వచ్చి, "నువ్వు చల్లగా ఉండాలన్నా" అంది. సెలూన్ ఆయన ఊరికే గడ్డం గీసి పంపాడు. మేస్త్రీ కూడా, నది గేటు అసలు ముట్టుకోలేదని చెప్పాడు. వ్యాపారి ఆరు రోజులపాటు వీధిలో ఛాతీ విరుచుకుని తిరిగాడు.

ఏడో రోజు మధ్యాహ్నం మూడు దాటింది. పడమర ఆకాశం నల్లగా గడ్డకట్టి ఉంది. గాలి ఆగిపోయింది. మేస్త్రీ గబగబా వచ్చి షెడ్డు ముందు నిలబడ్డాడు.

"ఎగువన దంచుతోందట షావుకారూ, ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. మనకి గంట, మహా అయితే గంటా పావు. నది అప్పుడే గేటు అంచుకొచ్చింది, ఎత్తడానికి లేదు. ఇవాళ అంతా మీ డ్రమ్ముల మీదే. సిద్ధంగానే ఉన్నాయా?"

"సిద్ధం కాకేం!" అన్నాడు వ్యాపారి హుషారుగా. "పొద్దున్నే చూసొచ్చాను. నలభై ఏడు ఇళ్ళూ, మూడేసి డ్రమ్ములూ, అంచుల దాకా నిండుగా ఉన్నాయి. ఒక్క చుక్క..."

మేస్త్రీ మొహం చూసి ఆగిపోయాడు.

"నిండుగానా?" అన్నాడు మేస్త్రీ.

లోపల మిషను చప్పుడు ఆగింది. ముప్పై ఏళ్ళు ఖాళీ డ్రమ్ములు అమ్మినవాడు, నిండిన డ్రమ్ములో ఇంకో చెంబు కూడా పట్టదన్న సంగతి ఇంకొకడు చెబితే తెలుసుకున్నాడు. అవసరం తనది, అమ్మింది వాళ్ళ అవసరం. వాళ్ళు కొన్న సరుకును కొన్నట్టే జాగ్రత్తగా దాచుకున్నారు. కొందరు మూతలకు తాళాలు కూడా వేశారు.

"కుళాయిలు విప్పితే మూడు డ్రమ్ములూ ఖాళీ కావడానికి ఎంతసేపు?" అన్నాడు మేస్త్రీ.

"ఇరవై అయిదు నిమిషాలు."

"అయితే పరిగెత్తండి. కానీ ఒకటి, వాన జోరు మొదలయ్యాక ఒక్క కుళాయి కూడా విప్పకూడదు. అప్పుడు విప్పితే ఆ నీళ్ళు కూడా ఇదే గొట్టంలోకి దిగి, మీ చేత్తో మీరే మీ చెల్లెలి గదిలో పోసినట్టు. గుర్తుందా? వాన పడిందా, ఆపేయాలి."

అతను ముందు ఫోన్లు చేశాడు. వ్యాపారి ఫోను కదా, మళ్ళీ ఏదో అంటగడతాడని ఎవరూ ఎత్తలేదు. మిట్ట ఎక్కడం మొదలుపెట్టాడు. యాభై ఆరేళ్ళ మనిషి, బానపొట్ట, కాళ్ళకు రబ్బరు చెప్పులు. పంతులమ్మ ఇంటికి చేరేసరికి నోట్లో తడి లేదు.

"అమ్మా, కుళాయి విప్పేయండి. నీళ్ళన్నీ వదిలేయండి. వెంటనే!"

పంతులమ్మ కళ్ళజోడు సర్దుకుంది. "ఏమయ్యా, ఒంట్లో బాగుందా?"

"పెద్ద వానొస్తోంది. డ్రమ్ములు ఖాళీగా ఉంటేనే..."

"వానొస్తే నిండాలిగా? నువ్వే చెప్పావు." అట్టముక్క చూపించింది. "ఇదిగో, నీ మాటే, నా చేతి రాత."

"తప్పు చెప్పానమ్మా."

"నాకు రేపు కుళాయి రాదు. ఎల్లుండి దాకా ఇవే నాకు ఆధారం."

వ్యాపారి నోట్లో ఎప్పుడూ ఒక మాట తర్వాత ఇంకో మాట సిద్ధంగా ఉండేది. ఇప్పుడు ఉన్నమాట ఒక్కటే మిగిలింది. "నేను మీకు నీళ్ళు అమ్మాను గానీ, నాకు కావలసింది నీళ్ళు కాదు. కింద నా చెల్లెలు ఉంది. కాళ్ళు పనిచెయ్యవు. మీ డాబా మీది వాన ఆ గదిలో తేలుతుంది. ఆ మాట ముందే చెబితే తలుపులు వేశారని ఇంకో మాట చెప్పాను. అంతే తల్లీ." గుమ్మం పట్టుకుని వంగి ఊపిరి తీసుకున్నాడు.

పంతులమ్మ అతన్నొకసారి, ఆకాశాన్నొకసారి చూసింది. "అబద్ధం చెప్పేటప్పుడు ఉన్న తీరిక నిజం చెప్పడానికి లేకపోయిందా నీకు?" అంటూనే వెళ్ళి కుళాయి తిప్పింది. నీళ్ళు పెరట్లో సర్రున పారాయి. అట్టముక్క తెంపి చేతిలోకి తీసుకుంది. "నువ్వు ఎడమ వరసకి పో, నేను కుడి వరస. నీ మాట వినకపోతే నా పేరు చెప్పు. వీధిలో సగంమంది నా చేత దెబ్బలు తిన్నవాళ్ళే."

ఇల్లు తర్వాత ఇల్లు. కొందరు తిప్పారు. కొందరు వాదించారు. ఆరు ఇళ్ళకు తాళాలున్నాయి. రెండు ప్రహరీలు దూకాడు, మూడోదాని మీద మోకాలు చీల్చుకున్నాడు. ఒకచోట కుక్క మళ్ళీ వచ్చింది, ఈసారి అతనే దాన్ని అదిలించి లోపలికి పోయాడు. తిప్పిన ప్రతి కుళాయికీ నోటితో అంకె చెప్పుకుంటూ పోయాడు. ఏడు. పదకొండు. పద్నాలుగు. పంతులమ్మ గొంతు అవతలి వరసలో వినిపిస్తోంది, క్లాసులో అల్లరి ఆపుతున్నట్టు.

అతని పద్దెనిమిదో ఇంటి దగ్గర చేతి మీద ఒక చినుకు పడింది. చల్లగా, రూపాయి బిళ్ళంత. ఆ తర్వాత ఆకాశం మూత తీసినట్టు కుమ్మరించింది.

అతను ఆగాడు. వీధి ఆగలేదు. అసలు చిక్కు అక్కడే వచ్చింది. ఇంతసేపూ కదలనివాళ్ళు పంతులమ్మ కేకలకు ఇప్పుడు కదిలారు. గొడుగులు పట్టుకుని, తలల మీద పళ్ళాలు పెట్టుకుని, పుణ్యానికి పోయి కుళాయిలు విప్పుతున్నారు. ఒకచోట ఇద్దరు కుర్రాళ్ళు డ్రమ్మునే వంచేస్తున్నారు.

"ఆపండి! ఇప్పుడొద్దు! కట్టేయండి!" అని గొంతు చించుకుంటూ వానలో వెనక్కి పరిగెత్తాడు.

లుంగీ ఎగ్గట్టిన ఒకాయన కుళాయి మీద చెయ్యి తియ్యకుండా అరిచాడు. "వదలొద్దంటావు, వదలమంటావు, మళ్ళీ వదలొద్దంటావు! అది నోరా, తిరగలిరాయా?"

"మీ కాళ్ళు పట్టుకుంటాను, కట్టేయండి!" నిజంగానే వంగాడు. ఆయన కంగారుపడి కట్టేశాడు. అలా ఇల్లిల్లూ తిరిగి, తన నోటితో విప్పించినవాటిని తన చేత్తోనే కట్టాడు. ఆఖరి కుళాయి కట్టేసరికి వీధి వాగులా ఉంది. అప్పుడు కిందికి పరిగెత్తాడు. రెండు చెప్పుల్లో ఒకటే మిగిలింది.

చెల్లెలు బాత్‌రూమ్ తలుపు దగ్గర కుర్చీలో కూర్చుని ఉంది. చేతిలో కొలత టేపు, కుట్టు సుద్ద. బాత్‌రూమ్ గోడ మీద సుద్దగీతలు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. తూములోంచి నల్లటి నీళ్ళు లేస్తున్నాయి.

"గడప తొమ్మిది అంగుళాలు" అంది అతని వైపు చూడకుండానే. "ఇప్పుడు అయిదున్నర. పది నిమిషాల క్రితం మూడు."

"మంచం మీదికి ఎక్కు, నేను పడతాను."

"నన్ను ముట్టుకోకు. కుర్చీలోంచి కదిలితే టేపు అందదు."

ఏమీ చేయడానికి లేదు. వ్యాపారి జీవితంలో చేతులు ఖాళీగా ఉన్న సమయం అదే. ఒక గుడ్డ తెచ్చి గడప మీద పరిచాడు, తీశాడు, మళ్ళీ పరిచాడు. పక్కగదిలోంచి ఇస్త్రీ ఆమె అరుపు వినిపించింది. వాళ్ళ గదీ సెలూనూ ఇంకో మెట్టు దిగువన ఉన్నాయి. గడపలు కూడా పొట్టివి. బల్ల ఈడ్చిన చప్పుడు, ఏదో పగిలిన చప్పుడు.

"పోయి వాళ్ళకి సాయం చెయ్యి" అంది చెల్లెలు.

"ఇక్కడ..."

"ఇక్కడ నువ్వు గుడ్డ పరుస్తున్నావు, అంతేగా. పో."

వెళ్ళాడు. పక్కగదిలో నీళ్ళు మోకాళ్ళ దాకా ఉన్నాయి. మొగుడూపెళ్ళాలతో కలిసి ఇతరుల బట్టల మూటలు మెట్ల మీదికి మోశాడు. సెలూన్ ఆయన తన అద్దం మోసుకుని, కుర్చీని అక్కడే వదిలేశాడు. ప్రతి మూటకీ గోడవతలి నుంచి చెల్లెలి గొంతు వినిపిస్తూనే ఉంది.

"ఏడుంపావు!"

"ఎనిమిది!"

"ఎనిమిదింపావు!"

తర్వాత ఏమీ వినిపించలేదు. మూట మెట్ల మీద పడేసి పరిగెత్తాడు.

చెల్లెలు గోడ మీద గీసిన గీతనే చూస్తోంది. టేపు ముందుకు వంచి పెట్టింది, తీసింది, మళ్ళీ పెట్టింది. "ఎనిమిదిన్నర" అంది. "నాలుగుసార్లు కొలిచాను. ఎనిమిదిన్నరే."

బయట వాన జోరు తగ్గింది. తూములో ఒక పెద్ద బుడగ లేచి పగిలింది. నీళ్ళు లోపలికి లాక్కున్నట్టు కదిలి, గీత కిందికి వేలెడంత దిగాయి. చెల్లెలు టేపు చుట్టి ఒళ్ళో పెట్టుకుంది.

మర్నాడు పొద్దున ఆఫీసు వాళ్ళు వచ్చారు. చెల్లెలి గదిలో నేల తడిమి చూశారు. పొడిగా ఉంది. నోటీసు చింపలేదు గానీ, గదినీ ముట్టుకోలేదు. పక్క రెండు గదులకూ తాళాలు వేశారు. ఇస్త్రీ ఆమె పెట్టెల మీద కూర్చుని వ్యాన్ కోసం ఎదురుచూస్తోంది. వ్యాపారిని చూసి మామూలుగానే అడిగింది. "నీ డ్రమ్ములు పనిచెయ్యలేదా అన్నా?"

ఎన్నో జవాబులు నాలుక దాకా వచ్చాయి. వాన పెద్దది, నది పొంగింది, గొట్టం పాతది. అన్నీ నిజాలే.

"సగం చేశాయి" అన్నాడు. "మిగతా సగం నేను చెడగొట్టాను. వాన నీళ్ళు వదలొద్దని చెప్పింది నేనే."

ఆమె పెట్టె తాడు బిగించుకుంది. తిట్టి ఉంటే బాగుండుననుకున్నాడు. వ్యాన్ వచ్చింది. ఇస్త్రీ బల్ల అందులో పట్టలేదు. "ఉంచు అన్నా, మళ్ళీ వస్తే తీసుకుంటాను" అని అతని షెడ్డులో పెట్టించి వెళ్ళిపోయింది.

షెడ్డులో డ్రమ్ములు లేక బోసిగా ఉంది. ఆ బల్ల ఒక్కటే మధ్యలో నిలబడి ఉంది. చెల్లెలు కుర్చీ తోసుకుంటూ గుమ్మంలోకి వచ్చింది.

"అన్నయ్యా, ఎన్ని ఖాళీ అయ్యాయి నిన్న?"

"ఇరవై ఆరు ఇళ్ళు."

"ఇరవై ఒకటి మిగిలాయి. అవి కూడా అయ్యుంటే?"

"పక్క గదులు కూడా పొడిగా ఉండేవి" అన్నాడు. ఈ లెక్క రాత్రి నుంచి చాలాసార్లు వేశాడు. ఎటునుంచి వేసినా అదే వచ్చింది.

ఆమె బల్ల దగ్గరికి కుర్చీ తోసుకొచ్చి దాని అంచు తుడిచింది. తర్వాత కుట్టు సుద్ద అతని చేతిలో పెట్టింది. "మళ్ళీ మబ్బు పట్టకముందే పో."

అతను మిట్ట ఎక్కాడు. ఈసారి మొదటి ఇంటి దగ్గరే ఉన్నమాట చెప్పాడు, ఆఖరి ఇంటి దాకా అదే చెప్పాడు. పంతులమ్మ అట్టముక్క తిరగేసి, వెనక వైపు గుండ్రంగా ఇంకో మాట రాసి కట్టింది: "వాన ఆగిన మర్నాడు ఖాళీ చేయాలి." తిట్లు తిన్నాడు. కుక్క మాత్రం మొరగలేదు. నాలుగు ఇళ్ళవాళ్ళు డ్రమ్ములు వెనక్కి తీసుకుపొమ్మన్నారు. పన్నెండు డ్రమ్ములూ ఒక్కొక్కటే దొర్లించుకుంటూ దించాడు. మిగిలినవాటిలో ప్రతి డ్రమ్మునీ వేళ్ళతో తట్టి, బోలుగా మోగాకే సుద్దతో గీత పెట్టాడు.

సాయంత్రం షెడ్డు గోడ మీద లెక్క రాశాడు. పోయినవి: రెండు గదులు, మూడు బతుకులు, తన మాటకున్న విలువ. వచ్చినవి: ఒక గది, అదీ వచ్చే వాన దాకా. మిట్ట మీద నూట ఇరవై తొమ్మిది డ్రమ్ములు, అన్నీ ఖాళీ.